రెండు తీగలు చాలు

ఆఫీసు ఫోన్ల ఎక్స్ఛేంజ్ పెట్టె, అదే ఈపీఏబీఎక్స్, చాలాచోట్ల మెట్ల కింది గదిలోనో, రిసెప్షన్ వెనక గోడకో ఉంటుంది. పక్కన క్రోన్ మాడ్యూళ్లు, వాటిలోంచి దిగే జంపర్ వైర్ల గుత్తి, కింద బ్యాటరీ. పెట్టె అంచున తొమ్మిది పిన్నుల కనెక్టర్ ఒకటి దుమ్ముపట్టి ఉంటుంది. బిగించిన రోజు తప్ప దాన్ని మళ్లీ ఎవరూ ముట్టుకోరు. నాకు మాత్రం ఆ పెట్టె మొత్తంలో ఇష్టమైన చోటు అదే. కాల్ ముగిసిన ప్రతిసారీ మెషిన్ అక్కణ్నుంచి ఒక వరుస బయటికి పంపుతుంది. తేదీ, టైము, ఏ ఎక్స్‌టెన్షన్, ఏ ట్రంక్ లైను, ఏ నంబరు, ఎంతసేపు. వినేవాళ్లున్నా లేకపోయినా పంపుతూనే ఉంటుంది.

ఎస్టీడీ రోజుల్లో ఆ పోర్టుకి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తగిలించేవాళ్లు. లాడ్జిలో గది ఖాళీ చేసేవాళ్ల ఫోన్ బిల్లు ఆ కాగితం చూసే వేసేవారు. ఇప్పుడు కాల్ ఖరీదు ఎవరికీ పట్టదు. పట్టాల్సింది ఎత్తని కాల్. అపాయింట్‌మెంట్ కోసం ఆస్పత్రికి ఫోన్ చేసిన మనిషి ఎంతసేపు రింగు విని పెట్టేశాడో చాలా మోడళ్లు ఈ వరుసల్లోనే చెబుతాయి. ఏలూరులో బ్రాంచి, భీమవరంలో బ్రాంచి, హెడ్డాఫీసు విజయవాడలో ఉన్న సంస్థకి ఆ వరుసలు ఒకచోట కనిపించాలంటే సీరియల్ పోర్టుని నెట్‌వర్క్ మీదికి తేవాలి.

ఆ పోర్టు పాటించే ఆర్ఎస్-232 ప్రమాణం 1960లో పుట్టింది. 1969లో వచ్చిన సి రూపమే చాలాకాలం చెలామణీలో ఉంది. అందులో ఒకటి అనే బిట్ అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. తీగ పొడవు పదిహేను మీటర్లు దాటొద్దని అప్పుడే చెప్పారు. అందుకే వినే కంప్యూటర్ పెట్టె పక్కనే ఉండాలి, అక్కణ్నుంచి దూరమంతా నెట్‌వర్క్ చూసుకుంటుంది. నేను రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు, మంచి యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ వాడతాను. బోర్డు మీది పిన్నులకి ఈ తీగని నేరుగా కలపకూడదు. అవి 3.3 వోల్టులవి, ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చే వోల్టేజీకి కాలిపోతాయి.

ఏ పిన్ను మాట్లాడుతుందో తెలుసుకోడానికి మాన్యువల్ దొరక్కపోతే మల్టీమీటర్ చాలు. నల్ల ప్రోబ్ గ్రౌండ్ పిన్ను మీద, అంటే అయిదో నంబరు మీద పెట్టి, ఎర్రదాన్ని రెండో పిన్నుకి, తర్వాత మూడోదానికి ఆనించాలి. ఏ కాల్ కూడా నడవనప్పుడు మైనస్ వోల్టులు చూపించేదే మాట్లాడే పిన్ను. స్పీడు చాలావరకు 9600 ఉంటుంది, పాత పెట్టెల్లో 1200 కూడా చూశాను. స్పీడు తప్పితే తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి కాబట్టి ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది.

ఈ పనిలో నేను గట్టిగా పట్టుబట్టేది ఒకటుంది. వివరాలు చూడటమే అవసరమైతే రెండే తీగలు కలపాలి: మాట్లాడే పిన్ను, గ్రౌండు. మన వైపు నుంచి ఎక్స్ఛేంజ్‌కి వెళ్లే మూడో తీగ అసలు ఉండకూడదు. కొన్ని పెట్టెలు అవతలివాడు సిద్ధమన్న సంకేతం అందేదాకా నోరు విప్పవు. వాటికి ఎక్స్ఛేంజ్ వైపు కనెక్టర్లోనే 7, 8 పిన్నులు కలిపి, 1, 4, 6 కలిపి టంకం వేస్తే సరిపోతుంది. "సెట్టింగులు కూడా ఇక్కణ్నుంచే మార్చొచ్చు కదా సార్" అంటారు కుర్ర టెక్నీషియన్లు. మార్చొచ్చు. అప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ కనిపెట్టిన ఇంకెవడైనా కూడా మార్చొచ్చు. రాత్రి ఆఫీసు మూశాక ఒక ఎక్స్‌టెన్షన్‌ని విదేశీ నంబరుకి ఫార్వర్డ్ చేసి, తెల్లారేదాకా కాల్స్ నడిపించే మోసం ఎప్పట్నుంచో ఉంది. మాన్యువల్లో అచ్చేసిన పాస్‌వర్డ్‌నే మార్చకుండా ఉంచిన పెట్టెలు ఇంకా ఎన్నో ఉన్నాయి. లేని తీగలోంచి మాత్రం ఏ దొంగా లోపలికి రాలేడు. నిజంగా ప్రోగ్రామింగ్ అవసరమైన రోజు ఆ బ్రాంచిలో ఉన్న మనిషి వేరే కేబుల్ తగిలించి, పనయ్యాక తీసేస్తే చాలు.

సీరియల్ పోర్టుకి జ్ఞాపకం ఉండదు. నెట్ పోయిన అరగంటలో వచ్చిన వరుసలు మళ్లీ రావు. అందుకే ముందు బోర్డు మీదే ఫైల్లోకి రాయించాలి, తర్వాతే ఊరవతలికి పంపాలి. చాలామంది సెర్‌టునెట్ లాంటి ప్రోగ్రాం పెట్టి పోర్టుని నేరుగా నెట్‌వర్క్ మీదికి తెరుస్తారు. అది మంచి ప్రోగ్రామే, నేనూ వాడతాను. కానీ రికార్డుకి అదొక్కటే ఆధారం కాకూడదు. కరెంటు పోయి వస్తుండే ఊళ్లలో మెమొరీ కార్డు త్వరగా పాడవుతుంది. ఫైలు పెన్ డ్రైవ్ మీద, బోర్డు యూపీఎస్ మీద ఉండాలి.

చిన్న ఊళ్లలో ఫైబర్ కనెక్షన్ తీసుకున్నా బయటినుంచి నేరుగా చేరగలిగే ఐపీ అడ్రసు తరచూ దొరకదు. ఒకే అడ్రసుని కంపెనీ ఎందరికో పంచుతుంది. అది మనకు మంచిదే. రౌటర్‌లో పోర్టు తెరిచి లోకమంతటికీ చూపించే దారి మూసుకుపోతుంది. బోర్డే బయటికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం వేసుకుని హెడ్డాఫీసుకి చేరుతుంది. ఇరవై అయిదు సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపిస్తే ఆ దారి మూతపడదు. టెల్నెట్‌ని సొరంగం బయట ఎక్కడా నడపొద్దు. అందులో ప్రతి అక్షరం దాపరికం లేకుండా పోతుంది.

ఆ అక్షరాలు ఎవరివన్నది కూడా నాకు పట్టింపే. మధ్యాహ్నం ఏ నర్సు ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేసిందో, ఏ రోగి ఏ డాక్టరు గదికి చేశాడో అందులో ఉంటుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అది రాకముందు కూడా ఇది మర్యాదకు సంబంధించిన విషయమే. రికార్డు రాస్తున్నామని సిబ్బందికి ముందే చెప్పాలి, ఎన్నాళ్లు ఉంచుతామో చెప్పాలి, ఆ గడువు దాటాక చెరిపేయాలి. ఆ మాటకు యజమానిని ఒప్పించాకే నేను కన్వర్టర్ బయటికి తీస్తాను.

ఎక్స్ఛేంజ్ గడియారాన్ని నమ్మొద్దు. నెలల తరబడి ఎవరూ సరిచెయ్యక నిమిషాల తేడాలో నడుస్తుంటుంది. పైగా కొన్ని పెట్టెలు తేదీలో నెలని ముందు వేస్తాయి, మనవాళ్లు మార్చి నాలుగుని ఏప్రిల్ మూడుగా చదువుకుంటారు. వరుస అందగానే దాని ముందు బోర్డు తన టైము వేసుకోవాలి. స్పీడు, పిన్నులు, తేదీ వరుస ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అతికిస్తే, తర్వాత వచ్చే టెక్నీషియన్ మళ్లీ మల్టీమీటర్ తీయక్కర్లేదు.