గొట్టం మార్చిన తుపాకీ

నెల్లూరు ట్రెజరీ ముందు సెంట్రీ చేతిలో ఉండే తుపాకీని చిన్నప్పుడు నేను త్రీనాట్‌త్రీ అనుకునేవాణ్ణి. అదే చెక్క, అదే బోల్టు, అదే మొండిముక్కు కొస. పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా చేసి రిటైరైన మా మామ నవ్వేవాడు. "అది త్రీనాట్‌త్రీ కాదబ్బయ్యా, మస్కెట్టు. లోపల గీతలు లేవు" అని.

ఆ గీతల్లోనే ఉంది కథంతా. .303 లీ-ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల ఐదు గాళ్లు ఎడమవైపుకి మెలితిరిగి ఉంటాయి. పది అంగుళాలకు ఒక చుట్టు. ఆ మెలికలో పడ్డ గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది కాబట్టే దారి తప్పదు. గాళ్లు లేకపోతే కొద్ది దూరానికే గురి చెదిరిపోతుంది. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం పోలీసులకీ కాపలావాళ్లకీ ఇచ్చిన .410 మస్కెట్టు అలాంటిదే. పైన అంతా లీ-ఎన్‌ఫీల్డ్, లోపల నున్నటి గొట్టం. తూటా కూడా .303దే, కాకపోతే మెడ నొక్కకుండా తిన్నగా వదిలేసింది. మ్యాగజైన్‌లో ఒక చెక్కదిమ్మ దూర్చి, ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చేలా చేశారు. మావోయిస్టుల లొంగుబాటు వార్తల్లో ఏకే-47 పక్కన కనిపించే '410 మస్కెట్' ఇదే.

రైఫిల్‌ని ఇలా పనిగట్టుకుని బలహీనం చేయడం ఎందుకు? గుంపు మీద కాల్చాల్సివస్తే గుండు వీధి దాటి ఎక్కడో ఉన్నవాళ్లకి తగలకూడదని అంటారు. కావచ్చు. నాకు మాత్రం అందులో 1858 నాటి వాసనే కొడుతుంది.

1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ అందరికీ తెలిసిందే. ఆ తూటాలు వేసే తుపాకీ, అంటే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్, తర్వాత ఏమైందో మాత్రం మన పాఠాల్లో ఉండదు. తిరుగుబాటు అణిగాక దేశీయ సిపాయిలకు అంత గురి ఉన్న ఆయుధం ఇవ్వకూడదనుకున్నారు. .577 అంగుళాల గొట్టాన్ని .656కి తొలిచి గాళ్లు లేకుండా చేశారు. దూరాలు సరిచేసుకునే సైటు తీసేసి కదలని సైటు పెట్టారు. అయితే లోపల లోహం పోతే గోడ పలచబడక ఏమవుతుంది? ఆ గొట్టాలు ఇట్టే వంగిపోయేవి. 1859 నమూనాకి మందమైన గోడతో కొత్త గొట్టాలే చేయాల్సివచ్చింది. అనుమానం కూడా ఖర్చుతో కూడిన పనే మరి.

గొట్టం మార్చడం మామకి ఇష్టమైన కబురు. గొట్టం మరలతో బాడీలోకి బిగుస్తుంది. బిగింపు ఆగే చోటుకి సైటు నిట్టనిలువుగా నిలవాలి, వెంట్రుకవాసి ఒరిగినా గుండు పక్కకే. తర్వాత తూటా అంచుకీ బోల్టుకీ మధ్య సందుని గేజీతో చూడాలి. బాడీ మీదా బోల్టు మీదా ఒకే నంబరు కొట్టేది అందుకే, ఆ రెండూ ఒకదానికొకటి కుదిర్చిన జత. తుపాకులు తుడిచే రోజున బోల్టులన్నీ ఒకే బల్ల మీద పోసినవాళ్లకి మామ దగ్గర చీవాట్లే. ఆ పైన చెక్క సంగతి. తడిగాలికి ఉబ్బిన చెక్క గొట్టాన్ని ఒకవైపు నొక్కితే, ఎంత మంచి గొట్టమైనా గురి తప్పుతుంది.

అసలు గొట్టాలు పాడయ్యేది కాల్చడం వల్ల కన్నా కాల్చాక ఊరుకోవడం వల్లే ఎక్కువ అనేవాడు. పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే మందు మండితే గొట్టంలో ఒక రకం ఉప్పు మిగిలిపోతుంది. అది గాలిలోని చెమ్మని లాగి ఇనుముని తినేస్తుంది. నూనె దాన్ని కరిగించలేదు. అందుకే ముందు గరాటాతో సలసల కాగే నీళ్లు పోసి, ఆరాక గుడ్డ లాగి, అప్పుడు నూనె. మా తీరంలోని ఇస్కపల్లి ఉప్పు మళ్ల మీదుగా గాలి వీచే చోట రెండు ఉప్పులూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ కర్మాగారం ఈ లీ-ఎన్‌ఫీల్డ్‌నే మరోవైపు నడిపించింది. 7.62 మిల్లీమీటర్ల తూటాకి 2ఏ రైఫిల్ చేసింది. ఇది పాత త్రీనాట్‌త్రీకి కొత్త గొట్టం తొడగడం కాదు. ఆ తూటా ఒత్తిడికి తట్టుకునేలా మేలైన ఉక్కుతో కొత్తగా చేసిన తుపాకీ. తర్వాతి 2ఏ1లో సైటు మీది 2000 అంకె 800 మీటర్లకి తగ్గింది. నిజానికి రెండు వేల గజాల దూరంలో మనిషిని ఎవరు చూడగలరు గనక!

ఇప్పుడు లైసెన్సు లేకుండా తుపాకీని మార్చడం, గొట్టం పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి ఈ విద్య సర్కారు ఆయుధాగారాల్లోనూ, లైసెన్సున్న కొద్దిమంది చేతుల్లోనూ మిగిలింది.

దసరాకి ఆయుధపూజలో తుపాకులన్నీ వరసగా నిలబెట్టి బొట్లు పెట్టేవాళ్లు. మామ పళ్లెం పట్టుకుని వెనకే నడిచేవాడట. "చెక్క మీద పెట్టండయ్యా, గొట్టం మీద వద్దు, తడి కుంకం" అని అందరికీ చెప్పుకుంటూ.