స్మృతియుఁ బాఠమును: ఈజీ కంపెనీ గ్రంథవిమర్శ

తర్కశాస్త్రము జ్ఞానమును స్మృతి యనియు ననుభవ మనియు రెండుగా విభజించినది. స్మృతి సంస్కారమాత్రమున జనించునది. దాని ప్రామాణ్యము దానికి మూలమైన యనుభవముపై నాధారపడియుండును. యుద్ధము ముగిసి నలువది యేండ్లు దాఁటిన పిమ్మట సైనికులు చెప్పిన మాటలతోఁ గూర్చిన చరిత్రగ్రంథములను బరిశీలించునపు డీ భేదము మిక్కిలి యుపయోగించును. అట్టి గ్రంథములలోఁ బ్రసిద్ధమైనది స్టీఫెన్ ఆంబ్రోసు రచించిన 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్'. ఇది 1992లో వెలువడినది.

అమెరికా సైన్యమున 101వ ఎయిర్‌బోర్న్ డివిజనులో 506వ పారాచూటు రెజిమెంటునకుఁ జెందిన 'ఈ' కంపెనీ, అనఁగా 'ఈజీ' కంపెనీ, చరిత్రము ఇందలి విషయము. ఈ దళము 1942లో జార్జియా రాష్ట్రమందలి టొకోవా శిబిరమున శిక్షణ పొందినది. 1944 జూన్ 6వ తేది వేకువకు ముందు నార్మండీలోను, సెప్టెంబరులో హాలెండులోను విమానములనుండి పారాచూటులతో దిగినది. ఆ డిసెంబరులో బెల్జియమునందలి బాస్టోన్ పట్టణముకడ ముట్టడికి లోనై మంచులోఁ బోరాడినది. 1988లో న్యూ ఆర్లియన్సు నగరమున నీ దళమువారు సమావేశమైనపుడు ఆంబ్రోసు వారి మాటలను సేకరింప నారంభించెను. పిమ్మట వ్రాఁతప్రతిని వారికే పంపి, వారి సవరణలను గైకొని గ్రంథమును బూర్తిచేసెను.

ఈ పద్ధతివలన గ్రంథమునకుఁ గలిగిన గుణము గొప్పది. సేనాధిపతుల పటములనుండి కాక, కందకమునఁ గూర్చున్న సైనికుని కంటినుండి యుద్ధము కానవచ్చును. చలి, యాఁకలి, తోడివాని మరణము, అధికారిపైఁ గినుక: ఇవి యెల్ల నధికారపత్రములలో నింత సజీవముగా దొరకునవి కావు. పలువురి మాటలు కలిసి యొక్క కథయై నడచుటచేఁ బఠితకు విసుగు పుట్టదు. అయినను ఆ యేకముఖత్వమే విమర్శకుని శంకకుఁ దావగుచున్నది.

తాళపత్రప్రతులను బరిష్కరించువారికి సుపరిచితమైన న్యాయ మొకటి కలదు. పది ప్రతులలో నొకే పాఠమున్నను, ఆ పదియు నొక్క మాతృకనుండి పుట్టినవైనచోఁ బది సాక్ష్యములు కావు, ఒక్కటియే. వేఱుశాఖకుఁ జెందిన యొంటిప్రతి వానికంటె విలువగలది కావచ్చును. యుద్ధానంతరము పలుమాఱు కలిసికొని, యొకరి కథ నొకరు విని, మఱచినదానిని జ్ఞప్తికిఁ దెచ్చుకొన్నవారి స్మృతులును నిట్టివే. వారి యైకమత్యము వారి స్నేహమునకు సాక్ష్యము. యథార్థమునకుఁ జాలిన సాక్ష్యము కాదు.

ఇందులకు ఆల్బర్టు బ్లైత్ కథ నిదర్శనము. నార్మండీలో గాయపడిన యీ సైనికుఁడు ఆ గాయములనుండి కోలుకొనక 1948లో మరణించెనని, ఆంబ్రోసు గ్రంథము ననుసరించి 2001లో వచ్చిన టెలివిజను చిత్రమాల ప్రకటించినది. సహచరుల నమ్మకమును నదియే. వాస్తవమున నాతఁడు కోలుకొని, సైన్యముననే యుండి, కొరియా యుద్ధమున సేవచేసి, 1967 డిసెంబరులో జర్మనీయందు మరణించెను. ఆర్లింగ్టను జాతీయ సమాధిస్థలమున ఖననము చేయఁబడెను. ఈ సత్యమును వెల్లడించినవారు తోడిసైనికులు కారు, ఆతని కుటుంబమువారు. దళమునకు దూరమైనవాఁడు దళముయొక్క స్మృతిలో మృతుఁడయ్యెను. పందొమ్మిదేండ్ల జీవిత మొక్క వాక్యముచేఁ గొట్టివేయఁబడెను.

హెర్బర్టు సోబెలు విషయము మఱింత సూక్ష్మమైనది. టొకోవాలో నీ దళమునకు శిక్షణ నిచ్చిన కెప్టెను ఈతఁడే. గ్రంథమున నాతఁడు క్షుద్రుఁడుగను గర్కశుఁడుగను గానవచ్చును. ఆ కాఠిన్యమే దళమును గట్టిపఱచినదని యంగీకరించిన సైనికుల మాటలును గలవు. కాని యాతఁడు 1987లో, న్యూ ఆర్లియన్సు సమావేశమునకు ముందటి యేఁడే, మరణించెను. ప్రతివాది లేని వ్యవహారమున వాది చెప్పిన దంతయు సత్యమేయైనను దీర్పు సమగ్రము కానేరదు. మార్కస్ బ్రదర్టను 2010లో వెలువరించిన 'ఎ కంపెనీ ఆఫ్ హీరోస్' అను గ్రంథమున సోబెలు కుమారుని మాటలు చేరుటచే నా కొఱత కొంత తీఱినది.

ఈ రెండవ గ్రంథమునఁ బ్రధానముగా మాటలాడువారు మృతులైన సైనికుల బిడ్డలు, బంధువులు. వారు యుద్ధమును జూచినవారు కారు. యుద్ధమునుండి మరలివచ్చిన మనుష్యుని జూచినవారు. కాఁబట్టి బాస్టోన్ గుఱించి వారి మాట వినికిడి. ఇంటి తండ్రిని గుఱించి వారి మాట ప్రత్యక్షము. ఈ రెంటిని వేఱుచేయక చదువుట పొరపాటు. బంధుప్రీతియు నొక దోషమే. అది కఱకుపాఠమును మెత్తపఱచును. అయినను ఆ శాఖ వేఱు మాతృకనుండి వచ్చినది. దాని విలువ యందే యున్నది.

మూఁడవ శాఖ డేవిడ్ కెన్యన్ వెబ్‌స్టరు రచన. హార్వర్డు విశ్వవిద్యాలయమున సాహిత్యము చదివిన యీ సామాన్యసైనికుఁడు యుద్ధము ముగిసిన కొలఁదికాలమునకే తన స్మృతులను వ్రాసికొనెను. 1961లో నాతఁడు సముద్రమున నదృశ్యుఁడయ్యెను. ఆంబ్రోసు వ్రాఁతప్రతిగాఁ జూచి యుపయోగించుకొన్న యా రచన 'పారాచూట్ ఇన్‌ఫాంట్రీ' యను పేర 1994లో గ్రంథముగా వెలువడినది. అందు సైన్యజీవితముపై విసుగు దాఁచఁబడలేదు. సమావేశములలో మెఱుఁగుపడని పాఠ మిది.

'సోదరబృందము' అను నర్థము గల ఆంబ్రోసు గ్రంథనామము షేక్స్పియరు రచించిన 'ఐదవ హెన్రీ' నాటకమున, యుద్ధమునకు ముందు రాజు చేసిన ప్రసంగమునుండి గ్రహింపఁబడినది. వృద్ధుఁడైన సైనికుఁడు తన పనులను గొంత హెచ్చించి చెప్పుకొనునని యా ప్రసంగముననే కవి సూచించినాఁడు. గ్రంథకర్త పేరును గైకొనెను గాని, యా హెచ్చరికను దగినంత పాటింపలేదు. ఆయన గ్రంథము దళముయొక్క స్మృతిగాఁ జదువఁదగినది, అట్టిదానిలో నుత్తమమైనది. పరిష్కర్తలు ప్రధానపాఠముక్రిందఁ బాఠాంతరములను జూపునట్లు, దానిప్రక్క వెబ్‌స్టరు రచనను, కుటుంబములవారి మాటలను, సైనికపత్రములను నుంచి చదివినపుడే యది చరిత్ర కాఁగలదు. అట్లు చదువనిచో బ్లైత్ వంటివారు బ్రదికియుండఁగనే మృతులలో లెక్కింపఁబడుదురు.