‘గోథిక్’ – భయం ఎవరి ఇంటిది?

పాడుబడ్డ మేడ, అర్ధరాత్రి, నాలుగు గబ్బిలాలు ఉంటే చాలు, ఆ కథకు ‘గోథిక్’ అని పేరు పెట్టేస్తున్నారు మన సమీక్షకులు. మాటను అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. దాని చరిత్రను అక్కడే వదిలేసి రావడం తప్పు.

గోథులు ఒక జర్మానిక్ జాతి. క్రీ.శ. 410లో వారిలో ఒక శాఖ రోమ్ నగరాన్ని కొల్లగొట్టింది. 16వ శతాబ్దంలో వాసారి వంటి ఇటలీ రచయితలు, తమకు నచ్చని మధ్యయుగాల నిర్మాణ శైలిని ఆ గోథులకు అంటగట్టారు. నిజానికి అది 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టిన శైలి. అంటే, కళకు సంబంధించినంతవరకు, ఈ మాట పుట్టుకతోనే తిట్టు. ఆ తిట్టే తరువాత గౌరవవాచకమైంది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని గోథిక్ శైలి అని ఈనాడు గర్వంగా చెప్పుకుంటున్నాం.

సాహిత్యంలో ఈ మాటను నిలబెట్టినవాడు హొరేస్ వాల్‌పోల్. 1764లో వెలువడిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవలకు రెండవ ముద్రణలో ‘గోథిక్ కథ’ అని ఉపశీర్షిక చేర్చాడు. అందులోని దొర ఏలుతున్న కోట అతనిది కాదు. అతని తాత అసలు యజమానికి విషం పెట్టి కాజేసినది. ఆ పాపమే దయ్యమై మనుమణ్ణి వెంటాడుతుంది. వాల్‌పోల్ ప్రధానమంత్రి కొడుకు, అభ్యుదయవాది ఎంతమాత్రం కాడు. కథ చివర కోటను మరో దొరవారసుడికే అప్పగించాడు. అయినా భయానికి పుట్టిల్లు దొరగారి కోటేనని, దాని మూలం ఆస్తి కోసం జరిగిన హత్యేనని అతని కథే ఒప్పుకుంది. శతాబ్దం తరువాత మార్క్స్ పెట్టుబడిని రక్తం పీల్చే పిశాచంతో పోల్చడం ఊరికే జరగలేదు.

మనకూ ఇలాంటి తిట్టు ఒకటుంది: ‘క్షుద్ర సాహిత్యం’. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలలు విపరీతంగా అమ్ముడుపోయిన రోజుల్లో ఆ పేరు స్థిరపడింది. ‘క్షుద్ర’ అంటే నీచమైన, అల్పమైన అని అర్థం. ఆ తిట్టుతో మన విమర్శ తన పని అయిపోయిందనుకుంది. ఆ నవలలోనూ చేతబడి వెనుక ఉన్నది ఆస్తే. కాని పాఠకుడికి గుర్తుండిపోయేది ఆస్తి కాదు, కాష్మోరా. డబ్బిచ్చి చేయించినవాడు వెనక్కి తప్పుకుంటాడు, మంత్రగాడు ముందుకొస్తాడు. నిజజీవితంలో బాణామతి అనుమానంతో దెబ్బలు తిన్నదీ, ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఎక్కువగా పేదలే. ఇది చూసినప్పుడు భయం మేడ దిగి గుడిసె మీద పడిందని అర్థమవుతుంది. మన విమర్శ పట్టుకోవలసిన తప్పు ఇదీ.

మా కంచికచర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపంతో సజీవంగా దహనం చేశారు. అది నేను పుట్టకముందు మాట, పెద్దల నోట విన్నాను. అందులో పాడుబడ్డ మేడ లేదు, మంత్రగాడు లేడు, కాష్మోరా లేదు. ఉన్నది మనుషులూ, కులమూ, నిప్పూ. ఇంతకు మించిన భీభత్సాన్ని ఏ కోటలోని దయ్యం చూపించగలదు?

కనుక ‘గోథిక్’ మాటను వెలి వేయనక్కరలేదు. ఒక కథకు ఆ పేరు పెట్టేముందు విమర్శకుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇందులో భయం ఎవరి ఇంట్లో పుట్టింది, ఎవరి గుమ్మం ముందు దించారు? దానికి జవాబు వెతకని కథ గబ్బిలాలు ఎన్ని ఎగిరినా కాలక్షేపమే. జవాబు వెతికిన కథ, ఒక్క దయ్యమూ లేకపోయినా, ఆ పేరుకు తగినదే.